పరిశోధనకు పనికిరాని నోరు

“ఎనిమిది. ఆరు. ఏడు,” అంది డాక్టరు మోనిషా. పక్కన నిలబడ్డ విద్యార్థిని ఆ అంకెల్ని కాగితం మీద రాసుకుంది.

నాగవేణి కుర్చీకి కాళ్ల వైపు నిలబడి, కూతురి చెప్పులు చేత్తో పట్టుకుని వింటోంది. పదికి ఇన్ని అన్నట్టు స్కూలు మార్కులైతే సంతోషపడవలసిన అంకెలే. కానీ ఇక్కడ మూడు దాటితే మంచిది కాదని మొదటి పన్ను దగ్గరే చెప్పేశారు. సన్నటి కడ్డీ, దాని మీద నల్లటి గీతలు. పంటికీ చిగురుకీ మధ్య దాన్ని దించుతారు. ఎంత లోతుకు దిగితే అంత అంకె. దించిన చోటల్లా ఒక రక్తపు బొట్టు లేచి నిలబడుతోంది. వినుత రెండు చేతులతో కుర్చీ చేతుల్ని బిగించి పట్టుకుంది. పందొమ్మిదేళ్ల పిల్ల, హోసూరులో బీకాం రెండో సంవత్సరం. కింది వరసలో ముందుపళ్లు రెండు నాలుకతో తోస్తే కదులుతున్నాయి.

వాళ్ల ఊరు డెంకణికోటకు ఆరు కిలోమీటర్లు. పొద్దున అయిదున్నర బస్సుకు బయలుదేరి, హోసూరులో బస్సు మారి, కృష్ణగిరి దగ్గర హైవే పక్కనున్న ఈ పళ్ల కాలేజీకి చేరేసరికి తొమ్మిదిన్నర అయింది. చీటీకి ఒక వరస, ఎక్స్‌రేకి ఒక వరస, ఎక్స్‌రే తీసినట్టు ముద్ర వేయించుకోవడానికి ఇంకో వరస. మూడో వరసలో నిలబడేటప్పటికి, పళ్లు లేకుండా బతుకుతున్నవాళ్లు తెలివైనవాళ్లేమో అని నాగవేణికి అనిపించింది.

“ఇంట్లో ఇంకెవరికైనా చిన్న వయసులో పండ్లు ఊడినాయా అమ్మా?” అని మోనిషా కొలిచే ముందే అడిగింది. ఆమె హోసూరు పిల్ల. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు.

“లేదు మేడమ్. ఎవురికీ లేదు,” అంది నాగవేణి. అలా అనేటప్పుడు పైట చెంగు నోటికి అడ్డంగా ఉంది. కొత్తవాళ్ల ముందు ఆమెకది అలవాటు.

పన్నెండు గంటలకు పెద్ద డాక్టరు విష్ణువర్ధన్ సారు వచ్చాడు. ఆయన వెనక తెల్లకోట్లు పన్నెండు. ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. కాగితం మీది అంకెలు చూడలేదు.

“ఏం పాపా, పండ్లు తోమే అలవాటు ఉందా, లేదా?”

వినుత నోట్లో అద్దం, ఉమ్మి పీల్చే గొట్టం, మోనిషా రెండు వేళ్లు ఉన్నాయి. జవాబు చెప్పడానికి ఇంక చోటు లేదు.

“పల్లెటూరి కేసుల్లో ఇదే మొదట చూడాల. శుభ్రత సున్నా. రాసుకోండి,” అన్నాడాయన విద్యార్థులతో. పన్నెండు మందీ సున్నా రాసుకున్నారు. తెల్లకోట్లు పక్క కుర్చీకి జరిగాయి.

వినుత కళ్లలోంచి నీళ్లు చెంపల మీదికి కాకుండా పక్కలకు జారి చెవుల్లోకి పోయాయి. పడుకోబెట్టిన మనిషి ఏడిస్తే అంతే. నాగవేణి చెప్పుల్ని ఎడమ చేతికి మార్చుకుని, పైట కొసతో ఒక చెవి తుడిచింది. ఆయనకు జవాబు చెప్పాలని ఉంది. కానీ ఏమని? ఆరునెలలుగా తనూ ఇంట్లో ఆ మాటే అంటోంది. ఆయన అన్నది మరీ కొత్తదేమీ కాదు, కోటు వేసుకుని అన్నాడు, అంతే.

మోనిషా గొట్టం తీసి, వినుతను లేపి కూర్చోబెట్టింది. “ఆయన కాగితం చూడలేదు. నీ పండ్ల మీద పాచి పెద్దగా లేదు, గార కూడా కొంచెమే. ఇంత తక్కువ మురికికి ఎముక ఇంత కరిగింది ఎందుకనేదే నా పరిశోధన.”

ఆమె చెప్పినదాంట్లో నాగవేణికి అర్థమైనంత ఇది. రక్తంలో తెల్ల కణాలుంటాయి. పళ్ల సందుల్లో క్రిములు చేరితే వాటిని చంపడానికి పరుగెత్తుకు వస్తాయి. కొంతమంది చిన్నవయసువాళ్లలో అవి అతిగా రెచ్చిపోతాయి. క్రిముల మీద పోయవలసిన విషాన్ని చుట్టూ ఉన్న చిగురు మీద, ఎముక మీద కూడా పోస్తాయి.

“అంటే మా రాగి చేన్లో ఏనుగుల మాదిరి,” అంది నాగవేణి. “ఏనుగు తినింది ఒక మూల. దాన్ని తరిమేదానికి పటాకులు ఎత్తుకోని పోయిన మావోళ్లు తొక్కింది నాలుగు మూలలు.”

మోనిషా పెన్ను ఆపి చూసింది. “దీన్ని నా థీసిస్‌లో పెట్టుకోవచ్చునా అమ్మా?”

“పెట్టుకోమ్మా. ఏనుగులు ఏమీ అనుకోవు.”

సోమవారం మళ్లీ రావాలట. చేతినుంచి రక్తం, చిగుళ్ల సందు నుంచి సన్నటి కాగితం ముక్కతో ఊట తీసి ల్యాబుకు పంపుతారట. ఆ తర్వాత మత్తు ఇచ్చి చిగుళ్ల లోపలిదాకా శుభ్రం చేసి, ఆరు వారాలకు మళ్లీ రక్తం తీసి, ఆ కణాలు నెమ్మదించాయో లేదో చూస్తారట. నెమ్మదిస్తే ముందుపళ్లు నిలబడే అవకాశం ఉంది. అంతా రిపోర్టులో రాసి ఇస్తారు.

“నేను తోమకుండా వచ్చింది కాదని కూడా రాసిస్తారా మేడమ్?” అంది వినుత. ఆ రోజు ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

మోనిషా కాగితం మీది అంకెల్ని మళ్లీ చూసింది. “రక్తం ఏం చెప్తే అది రాస్తాను. అదే చెప్తాదని నాకు అనిపిస్తా ఉంది.” నాగవేణి వైపు తిరిగింది. “సోమవారం దాకా యాడా క్లీనింగ్ చేయించద్దు. మాత్రలు వద్దు. ఉన్నది ఉన్నట్టు రావాల. సరేనా అమ్మా?”

“సరే,” అంది నాగవేణి. అప్పటికి నిజంగానే సరే అనుకుంది.

ఇంటి దగ్గర నంజమ్మ అరుగు మీద అనపకాయలు ఒలుస్తూ ఎదురుచూస్తోంది. నంజమ్మ నాగవేణికి అత్త. అంతకుముందునుంచీ అమ్మమ్మ. మేనమామనే చేసుకోవడం వల్ల కొత్త కోడళ్లకు దొరికే ఆరునెలల మర్యాద కూడా నాగవేణికి దొరకలేదు. కడుపులో ఉన్నప్పటినుంచీ తెలిసిన పిల్లకు మర్యాదేమిటి?

“ఏమనిరి?” అంది నంజమ్మ.

“తోమలేదనిరి,” అంది వినుత, ఎవరూ చెప్పకముందే. లోపలికి వెళ్లిపోయింది.

“నేను చెప్పలా? రెండు నిమిషాల్లో నురగ ఉమ్మేసి వస్తే పండ్లు నిలస్తాయా? మా వంశంలో యాడన్నా ఉందా ఇట్లాంటిది?”

నాగవేణి మొగుడు చెన్నకేశవ అప్పుడే నిద్ర లేచాడు. రాగి కోతకొచ్చింది. పది రోజులుగా చేనికాడ కాపలా, పగలు నిద్ర. కళ్లు ఎర్రగా ఉన్నాయి. విషయం వినగానే బండి తీసుకుని డెంకణికోట వెళ్లి, పెద్దకూతురికి మూడు బ్రష్షులు తెచ్చాడు. ఎరుపు, పచ్చ, నీలం.

“పూటకొకటి,” అన్నాడు. తిట్టడం ఆయనకు చేతకాదు. చేతనైంది కొనుక్కొచ్చాడు.

వినుత ఆ మూడింటినీ అద్దం ముందు వరసగా పెట్టింది. పక్కన తన మాస్కు ఉంది. కరోనా పోయి ఇన్నేళ్లయినా ఆమె కాలేజీకి మాస్కు తొడుక్కునే వెళ్తోంది. జూన్‌లో పక్క సీటు పిల్ల, కిటికీ దగ్గరైతే గాలి బాగా వస్తుందని జరిగి కూర్చుంది. ఆ కిటికీ తెరుచుకోదు. ఆ సంగతి వినుత ఇంట్లో ఒక్కసారే చెప్పింది. “బాగా తోముకుంటే ఎవరన్నా ఎందుకు జరుగుతారు?” అని అప్పుడు నాగవేణి అన్నది. ఆ మాట ఇప్పుడు చారు పోపు పెడుతూ గుర్తొచ్చి, ఆవాలు కొంచెం మాడాయి.

శుక్రవారమంతా ఆమెకు ఆ పన్నెండు తెల్లకోట్లే కనిపించాయి. సోమవారం మళ్లీ వస్తారు. మళ్లీ ఆ నోటి చుట్టూ నిలబడతారు. దోమ పురుగులు చూడడానికి ఆరోగ్యశాఖవాళ్లు వస్తున్నారంటే ముందురోజే తొట్లన్నీ కడిగి బోర్లించే మనిషి నాగవేణి. వాళ్లు వచ్చి, “ఈ ఊళ్లో పురుగులే లేవు” అని రాసుకుపోతారు. మూడోరోజు సగం వీధికి జ్వరం వస్తుంది. అయినా మరుసటి ఏడాదీ ఆమె తొట్లు కడుగుతుంది.

శనివారం కూతుర్ని తీసుకుని హోసూరు వెళ్లింది. మూకండపల్లిలో ఫ్యాక్టరీవాళ్ల ఇళ్ల మధ్య, మొబైల్ కొట్టు మీద కుమారేశన్ డాక్టరు క్లినిక్కు.

“అమ్మా, వద్దనింది కదా ఆమె,” అంది వినుత మెట్ల కింద ఆగి.

“ఉన్నది ఉన్నట్టు రమ్మంటే మురికితో రమ్మని కాదు మే. స్నానం చెయ్యకుండా పోతామా డాక్టరు కాడికి?”

“అది వేరే, ఇది వేరే.”

“ఆ పన్నెండు మంది ముందర నిన్ను మళ్లీ ఒక మాట అననిస్తానా నేను? ఎక్కు.”

వినుత తల్లి ముఖం చూసింది. ఆరునెలల్లో మొదటిసారి తల్లి తన వైపు నిలబడింది. నిలబడిన చోటు సరైంది కాదని తెలిసినా మెట్లెక్కింది.

కుమారేశన్ ఏమీ అడగలేదు. బయట ఏడుగురు కూర్చుని ఉన్నారు. యంత్రం అరగంట కీచుమంది. నీళ్లు చిమ్మాయి. అద్దం చేతికిచ్చి చూసుకోమన్నాడు. ఇన్ఫెక్షన్ రాకుండా అయిదు రోజులకు మాత్రలు రాశాడు. పళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. కదిలేవి ఇంకొంచెం కదులుతున్నాయి. మాత్రల్ని నాగవేణే గుర్తు పెట్టుకుని పూట తప్పకుండా మింగించింది.

సోమవారం మోనిషా బల్ల మీద మంచుపెట్టె సిద్ధంగా ఉంది. అందులో రెండు గాజు గొట్టాలు, వాటి మీద పన్నెండో నంబరు చీటీలు. మొత్తం ఇరవై మంది కావాలి. డిసెంబరు ఆఖరుకు గడువు. ఈ వయసులో ఇంత జబ్బు ఉండి, మందు పడని నోరు దొరకడం కష్టమట. ఆమె కళ్ల కింద నలుపు పోయినవారంకన్నా ఒక వేలు కిందికి దిగింది.

మోనిషా వినుత పెదవి ఎత్తింది. ఎత్తిన చేయి అలాగే ఆగిపోయింది.

“ఎవరు చేసినారు ఇది?”

వినుత తల్లి వైపు చూసింది. నాగవేణి గోడ మీదున్న పళ్ల బొమ్మ వైపు చూసింది.

అప్పుడే విష్ణువర్ధన్ సారు వచ్చాడు, తెల్లకోట్లతో. వంగి చూశాడు. ముఖం విప్పారింది.

“చూసినారా? గురువారం నేను రెండు మాటలు అన్నాను. నాలుగు రోజుల్లో నోరు ఎట్లా మారిందో చూడండి. ఎరుపు తగ్గింది, పాచి లేదు. పేషెంట్‌కు గట్టిగా చెప్పాల, అంతే. సగం వైద్యం అదే. రాసుకోండి.”

పన్నెండు పెన్నులు కదిలాయి.

ఈసారి వినుత నోట్లో గొట్టం లేదు, అద్దం లేదు. అయినా మాట్లాడలేదు. తల తిప్పి మళ్లీ తల్లినే చూసింది. కోపంగా కాదు, అడుగుతున్నట్టూ కాదు. ఇక అయిపోయిందిలే అన్నట్టు.

నాగవేణి ఊరుకుంటే సరిపోయేది. సారుకు గౌరవం, తనకు గౌరవం, పిల్లకు ఒక మెచ్చుకోలు. ఎవరికీ నష్టం లేదు. కాకపోతే గురువారం మురికి పిల్ల, తిట్టగానే తోముకుని వచ్చిందని ఆ పన్నెండు పుస్తకాల్లో ఉండిపోతుంది.

“అది తోమింది కాదు సార్,” అంది నాగవేణి. గొంతు తాననుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. “నేను మూకండపల్లిలో మిషను పెట్టించినాను. మేడమ్ వద్దనింది, అయినా చేయించినాను. మాత్రలు కూడా మింగించినాను. తప్పు నాది. పాప తోమేది గురువారం కూడా తోమింది. దానికి ముందర రోజు కూడా తోమింది.”

సారు ఏదో అనబోయాడు.

“నేనూ రోజూ తోమతాను సార్.” నాగవేణి పైట కొస దించింది. ఎడమచేత్తో కింది పెదవి లాగి పట్టుకుంది. పన్నెండు మందీ కనబడేంత నోరు తెరిచింది. కింది వరస ముందుపళ్ల మధ్య వేలు పట్టేంత సందులు. రెండు వైపులా మొదటి దవడపళ్ల చోట నున్నటి చిగురు. పెదవి వదిలి చెప్పింది. “ఈ పక్కది ఇరవైమూడుకు పోయింది. ఆ పక్కది ఈ పాప పుట్టినప్పుడు. కాన్పుకు పండ్లు పోతాయి అనిరి. సరే అనుకున్నాను.”

కాసేపు ఎవరూ ఏమీ రాసుకోలేదు.

సారు లైటును నాగవేణి వైపు తిప్పి, అద్దంతో రెండు వైపులా చూశాడు. ఈసారి నిదానంగానే చూశాడు. “కుటుంబంలో ఎవరికైనా ఉందా అని అడగలేదా?” అన్నాడు మోనిషాతో.

“అడిగినాను సార్. ఎవరికీ లేదు అనినారు.”

“మళ్లీ అడగండి,” అని ఆయన పక్క కుర్చీకి జరిగాడు. క్షమాపణ లాంటిదేమీ ఈ పక్కకు రాలేదు. తెల్లకోట్లలో చివరి అమ్మాయి మాత్రం ఆగి, తన పుస్తకంలో ఇందాక రాసుకున్నది ఒక గీతతో కొట్టేసి, మిగతావాళ్ల వెనక పరుగెత్తింది.

మోనిషా స్టూలు మీద కూలబడింది. గాజు గొట్టాల మీది చీటీలు గోటితో పీకేసింది. “ఇప్పుడు రక్తం తీసినా ప్రయోజనం లేదమ్మా. మందు పడిపోయింది. మూడు నెలలు ఆగాల. నా పుస్తకానికి అంత టైము లేదు. ఈ పాప పండ్లకూ లేదు.”

“అయితే రిపోర్టు?” అంది వినుత.

“లేదు.”

వినుత తల ఊపింది. అంత చిన్నగా ఊపడం చూస్తే నాగవేణికి, ఏడ్చినా బాగుండేదనిపించింది.

మోనిషా లేచి చేతి తొడుగులు మార్చుకుంది. సూదిలో మత్తుమందు ఎక్కించింది. “పడుకో వినుతా. కుడిపక్క ఈరోజు చేసేస్తాను.”

“పరిశోధనలో లేదంటిరి కదా మేడమ్?” అంది నాగవేణి.

“పుస్తకంలో లేకపోతే కుర్చీలో ఉండకూడదా?”

గంటన్నర పట్టింది. చిన్న కొక్కెం లాంటి పనిముట్లతో చిగురు లోపల, పంటి వేరు మీద గీకుతూనే ఉంది. ఒక్కో పంటికీ నాలుగు పక్కలు. మధ్యలో రెండుసార్లు నిలబడి నడుము వెనక్కి వంచుకుంది. ఒకసారి నాగవేణి లైటు పట్టుకుంది. అయిపోయాక మోనిషా సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీసింది.

“రక్తం చెప్పనిది ఇది కొంచెం చెప్తాది. ఆడవాళ్లకు సున్నా, మగవాళ్లకు నాలుగు మూలల చతురం. ముప్పైఅయిదు దాటకముందే పండ్లు ఊడినవాళ్లవి నల్లగా రుద్దండి. కథలొద్దు, వయసు చాలు. ఇంట్లో చిన్నవాళ్లుంటే పిలుచుకోని రండి.” ఆగి, నాగవేణిని చూసింది. “యాడా కడిగించకుండా.”

బస్సులో హోసూరు దాకా వినుత మాట్లాడలేదు. సగం పెదవి మొద్దుబారి ఉంది, అది కొంత కారణం. హోసూరు బస్టాండులో బస్సు మారాక అడిగింది.

“ఎవురికీ లేదని ఏమిటికి చెప్పినావమ్మా?”

“నాకు కాన్పుకు కదా పోయింది.”

“ఇరవైమూడుకు పోయింది ఎవురి కాన్పుకు?”

నాగవేణి లెక్క వేసుకుంది. పెళ్లయిన ఏడాదికి పోయింది. కాన్పులు ఆ ముందూ లేవు, ఆ తర్వాత మూడేళ్లూ లేవు. ఇన్నేళ్లలో ఆ లెక్క ఒక్కసారి కూడా వేసుకోలేదు.

పొద్దు ఇంకా గూకలేదు. అరుగు మీద వెలుతురు ఉంది. వినుత కాగితం నేల మీద పరిచి సున్నాలు గీసింది. నంజమ్మ దగ్గరే చిక్కొచ్చింది. నంజమ్మ నుంచి ఒక గీత కొడుకు చెన్నకేశవకు దిగింది. ఇంకో గీత కూతురికి దిగి, అక్కడినుంచి నాగవేణికి దిగింది. చెన్నకేశవకూ నాగవేణికీ మధ్య పెళ్లి గీత గీసేసరికి కాగితం చిక్కుపడ్డ దారం ఉండలా అయింది.

“అవ్వ కాడినుంచి నా నోటికి రెండు దార్లు ఉండాయి,” అంది వినుత. “ఏ దారిన వచ్చినా ఈడికే చేరతాది. అవ్వా, నీ పండ్లు ఎప్పుడు పోయినాయి?”

“నావా? ఆకూ వక్కా నమిలి, ఆ ఆకొక్కకు పోయినాయి,” అంది నంజమ్మ, అనపకాయల చేట మీదినుంచి తలెత్తకుండా.

“కథలొద్దనింది మేడమ్. వయసు చెప్పు.”

నంజమ్మ నాలుగు కాయలు ఒలిచింది. అయిదోది ఒలవకుండా చేతిలో పెట్టుకుంది.

“మీ నాయిన చంకలో ఉండాడు. ఇరవైఆరో, ఇరవైయేడో. ముందరివి నాలుగూ ఒక ఏటిలోనే పోయినాయి.” ఆ అయిదో కాయ ఒలిచింది. “ఆకొక్క ఆ మీదటనే పట్టినాను. నమలతా ఉంటే నోరు మూసుకోనే ఉండొచ్చును కదా. ఎవురన్నా అడిగినా, ఆకొక్క తింటాది, అందుకే పోయినాయి అనుకుంటారు. మా అత్త నోరు కడుక్కోదు ఇది అని ఊరంతా చెప్పింది. దానికంటే ఆకొక్కే నయం.”

వినుత ఆ సున్నాను నల్లగా రుద్దింది. పెన్సిలు కొంచెం గట్టిగానే నొక్కింది. తల్లి సున్నా కూడా రుద్దింది. నాగవేణి కూతురి పక్కన కూర్చుని, కాగితం గాలికి లేవకుండా ఒక మూల వేలితో అదిమిపెట్టింది.

“నాయినా, నీకు?”

చెన్నకేశవ కాపలాకు బయలుదేరుతూ చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఆయన పైవరస ముందుపళ్లు రెండు పెట్టుడువి. సీమావు తన్నిందని ఊరందరికీ తెలుసు. ఆ ఆవును ఆ తర్వాత డెంకణికోట సంతలో అమ్మేశారని కూడా తెలుసు.

“ఆవు తన్నింది. ఇరవైతొమ్మిది,” అంటూ వినుత చతురం పక్కన రాసుకుంటోంది. “తన్నింది లెక్కలోకి రాదు.”

చెన్నకేశవ ఒక చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఎర్రటి కళ్లతో ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

“ఆవు తన్నలేదు,” అన్నాడు.

నంజమ్మ చేట కింద పెట్టింది.

“అన్నం తింటా ఉంటే ఊడి చేతిలోకి వచ్చినాయి. ముప్పై నిండని మొగోడు, ఏమని చెప్పుకునేది?” రెండో చెప్పు తొడుక్కున్నాడు. “రుద్దు.”

వినుత రాసింది రబ్బరుతో చెరిపి, చతురాన్ని నింపింది. తన సున్నానూ నింపింది. వెనక్కి వాలి ఆ నాలుగు నల్లటి మచ్చల్ని చూసింది.

“అయితే ఈ ఇంట్లో మూడు తరాలుగా ఎవురూ పండ్లు తోమలేదన్నమాట,” అంది.

నాగవేణికి నవ్వొచ్చింది. నవ్వకూడదనుకుంది, చేతకాలేదు. నంజమ్మ మొదట ముఖం ముడుచుకుని, తర్వాత ఒక్క పన్నూ లేని నోరంతా తెరిచి నవ్వింది.

కాగితం మీద, ఊళ్లో లేని నాగవేణి తల్లిది కాక, ఇంకొక్క సున్నా ఖాళీగా ఉంది. పదో తరగతి చదివే చెల్లెలు పవిత్రది. ట్యూషన్ నుంచి అప్పుడే వచ్చి, సంచీ భుజానే ఉంచుకుని, కాగితాన్నీ నల్ల మచ్చల్నీ, నవ్వుతున్న అవ్వనూ చూస్తూ గడపలో నిలబడిపోయింది. ఎవరో ఏదో అడగబోతున్నారని ఆమెకు అర్థమైంది.

“నేను రోజూ రెండుసార్లు తోమతా ఉన్నానక్కా,” అంది గబగబా. “ఒట్టు.”

“తెలుసు,” అంది వినుత. “వచ్చి నా పక్కన కూర్చో. కొంచెం వెలుతురుకు తిరుగు.”